వదిన గదిలో సాక్షి డబ్బా

కొండవాలు మీద ఉన్న ఆ ఊళ్లో ఆయన అసలు పేరు అడిగితే చెప్పగలిగినవాళ్లు తక్కువ. డబ్బాలాయన ఇల్లెక్కడ అంటే మాత్రం వీధిలో ఆడుకునే పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. డబ్బాలాయన అన్నారు కదాని పాత సామాను కొనే మనిషి అనుకునేరు. ఊరి చివర ఒక చిన్న ప్రయోగశాల ఉంది, అందులో ఉద్యోగం. ఇళ్లల్లో గాలి కొలవడం ఆయన పని.

గాలిని కొలవడమేమిటయ్యా, తక్కెడలో వేసి తూస్తావా అని వెక్కిరించినవాళ్లు బోలెడుమంది. ఆయన నవ్వి ఊరుకునేవాడు కాదు, గుమ్మంలో నిలబడి ఓపిగ్గా చెప్పేవాడు.

"రాయిలోనూ మట్టిలోనూ పుట్టుకతోనే కాస్త యురేనియం ఉంటుందండీ. అది కాలం గడిచేకొద్దీ మారుతూ మారుతూ రాడాన్ అనే వాయువును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట అయితే గాలిలో కలిసి పోతుంది. తలుపులు మూసిన గదిలో పోగుపడుతుంది. అలాంటి గదిలో ఏళ్ల తరబడి పడుకుంటే ఊపిరితిత్తులకు మంచిది కాదు. మీ గదిలో ఎంతుందో చూసి చెబుతాను, అంతే."

చూడటానికి ఆయన దగ్గరున్నది గుప్పెట్లో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా. లోపల గోరంత ఫిల్ము ముక్క. పడకగదిలో, కిటికీకి దూరంగా, తలకు కాస్త పైన తగిలించి వదిలేస్తారు. చలికాలమంతా అది అక్కడే వేలాడుతుంది. గదిలోని వాయువు ఆ ఫిల్ము మీద కంటికి ఆనని గాట్లు పెడుతుంది. తరువాత దాన్ని ప్రయోగశాలలో వేడి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడితే ఆ గాట్లు పెద్దవై, సూక్ష్మదర్శిని కింద మచ్చల్లా కనిపిస్తాయి. మచ్చలెక్కువుంటే వాయువెక్కువ. వాటిని లెక్కపెట్టేది కూడా మన డబ్బాలాయనే.

జనం సంగతి తెలుసుగా. ఆ డబ్బా మాటలు వింటుందేమోనని ఒక ముసలాయన చలికాలమంతా భార్యతో గుసగుసలాడాడు. ఇంకొకావిడ తన ఇల్లు పరీక్షలో తప్పుతుందేమోనని రాత్రింబవళ్లు కిటికీలన్నీ బార్లా తెరిచిపెట్టి, ఇంటిల్లిపాదికీ జలుబు తెప్పించింది. డబ్బాలాయన ఈ కబుర్లన్నీ మోసుకొచ్చి ఇంట్లో వదినకు చెబుతుంటే ఆవిడ కడుపు పట్టుకుని నవ్వేది.

ఆ వదిన గురించి చెప్పాలి. తల్లీతండ్రీ పోయేనాటికి డబ్బాలాయన బళ్లో చదువుకుంటున్నాడు. అప్పుడే కాపురానికొచ్చిన వదిన ఆ పిల్లాణ్ణి తన పిల్లాడిలాగే పెంచింది. ఆవిడకు పిల్లలు కలగలేదు. చొక్కాకు గుండీ ఊడితే కుట్టింది, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది, లెక్కల్లో తప్పితే అన్నకు తెలియకుండా దాచింది. తరువాత అన్న పోయాడు. అప్పటికి మరిది ఉద్యోగస్తుడయ్యాడు, ఇల్లు కట్టాడు, పెళ్లి చేసుకున్నాడు. వదినను వదిలేశాడా అంటే లేదు, కళ్లకద్దుకుని తెచ్చి ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఊళ్లో అందరూ అదే మాట అనేవారు, ఆ మాట వినడం ఆయనకు ఇష్టంగానే ఉండేది.

ఇంట్లో పెట్టుకున్నాడు సరే, ఎక్కడ పెట్టుకున్నాడంటే కింది గదిలో. ఆ ఇల్లు కొండను తొలిచి కట్టింది. పై అంతస్తులో రెండు గదులు, ఒకటి మొగుడూపెళ్లాలది, రెండోదాంట్లో భార్య పిల్లలకు పాఠాలు చెప్పేది. కింద వంటిల్లు, దాని వెనక వదిన గది. ఆ గదికి వెనక గోడ అంటూ వేరే లేదు, చెక్కిన కొండరాయే గోడ. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు కాబట్టి కింద ఉంటేనే సుఖమని అందరూ అనుకున్నారు. చలికి దగ్గుతోందని ఉన్న ఒక్క వెంటిలేటర్‌లోనూ డబ్బాలాయనే పాత దుప్పటి ముక్కలు కుక్కి, పైన టేపు అంటించాడు. ఎంత శ్రద్ధో చూడండి. ఊరందరికీ కిటికీలు తెరవమని చెప్పే మనిషి సొంత ఇంట్లో చేసిన పని అది.

వదిన ఒకటి రెండుసార్లు అడిగింది కూడా.

"అందరిళ్లల్లో తగిలిస్తావు కదరా, మన ఇంట్లో ఒకటి పెట్టవేం?"

"మన ఇల్లు నాకు తెలీదా వదినా. చూద్దాంలే."

చూద్దాంలే అన్నాడు గానీ ఆయన చూడదలచుకోలేదు. ఆ గదిలో ఎక్కువుంటే ఏం చెయ్యాలి? వదినను పైకి తేవాలి. పాఠాల గది ఖాళీ చెయ్యమని భార్యకు చెప్పాలి. ఆవిడ ఏమంటుందో, ఇంట్లో ఏం గోల మొదలవుతుందో. అంత తతంగం ఎందుకని మనసులో ఒక మూల ఆ ఆలోచనను పాతేసి పైన మట్టి కప్పేశాడు. కొలవకపోతే లేనట్టే కదా.

ఇక్కడ ఇంకో డబ్బా సంగతి చెప్పకపోతే కథ నడవదు. డబ్బా తగిలించకముందే ఫిల్ము మీద కొన్ని మచ్చలుంటాయి, కొత్తగా కొన్న గిన్నె మీద కూడా గీతలున్నట్టు. అవెన్నో తెలియాలని ప్రతి చలికాలమూ ఒక డబ్బాను రేకు కవరులో పెట్టి, గాలి చొరబడకుండా అంటించి, ప్రయోగశాల బీరువాలో భద్రం చేస్తారు. అది ఏ ఇంటికీ వెళ్లదు. ఆఖర్న దాని మీదున్న మచ్చలను ప్రతి ఇంటి లెక్కలోంచీ తీసేస్తారు. ప్రయోగశాలలో దాన్ని సాక్షి డబ్బా అంటారు.

ఆ యేడు డబ్బాలన్నీ ఇళ్లల్లో తగిలించేసరికి సాయంత్రమైంది. చూస్తే సంచీ అడుగున సాక్షి డబ్బా అలాగే ఉంది, పొద్దున బీరువాలో పెట్టడం మరిచిపోయాడు. మళ్లీ కొండెక్కి ప్రయోగశాలకు ఎవరెళతారు? ఇంటికొచ్చి, "వదినా, ఇది నీ అలమరలో ఉంచు, రేపు పట్టుకెళతాను" అని గుమ్మంలోంచే అందించాడు. ఆ రేపు చలికాలం పోయేదాకా రాలేదు. ప్రయోగశాల నడిపే పెద్దమేడమ్ అడిగినప్పుడు బీరువాలో ఉందని చెప్పాడు. చిన్న అబద్ధమే, రేపు నిజం చేద్దామనుకున్న అబద్ధం.

ఎండలు మొదలయ్యాక ఇళ్లన్నీ తిరిగి డబ్బాలు పోగుచేశాడు. గుమ్మంలో నిలబడి వదినను అడిగితే లోపలికెళ్లి సాక్షి డబ్బా తెచ్చిచ్చింది. కవరు మీద ఒకచోట టేపు అంటించి ఉంది. తనే అంటించి ఉంటాడనుకున్నాడు.

లెక్కకు కూర్చుంటే సాక్షి ఫిల్ము మీద ఎప్పుడూ లేనన్ని మచ్చలు. ఏ బుద్ధిమంతుడైనా అక్కడ ఆగి పెద్దమేడమ్‌ను పిలుస్తాడు. పిలిస్తే అది బీరువాలో లేదన్న సంగతి బయటపడుతుంది. ఫిల్ము పాతదై ఉంటుంది, పాత ఫిల్ముకు మచ్చలెక్కువ ఉండటం మామూలేనని తనకు తానే సర్దిచెప్పుకుని, ఆ పెద్ద అంకెను ఇళ్లన్నిటి లెక్కల్లోంచీ తీసిపారేశాడు. చాలా ఇళ్లకు సున్నాకన్నా తక్కువ వచ్చింది. సున్నాకన్నా తక్కువ వాయువు ఏ లోకంలో ఉంటుందండీ? అయినా చెయ్యి ఆగలేదు. 'లెక్కకు రానంత తక్కువ' అని రాసి చీటీలు పంచేశాడు. మంచి కబురు పంచడంలో ఉన్న హాయి అలాంటిది. ఆ యేడు ఏ ఇంట్లోనూ ఆయన్ను టీ తాగకుండా పంపలేదు.

ఆ ఇళ్లల్లో ఒకటి దర్జీ ఆవిడది. మొగుడు లేడు, చిన్న కూతురు ఉంది. ఆ ఇంటికీ కొండలోకి దిగే కింది గది ఒకటుంది. అందులో ఉండొచ్చో లేదో తేల్చుకుందామని డబ్బా అక్కడే పెట్టించుకుంది. చీటీ చూసి ఆవిడ మొహం విప్పారింది.

"మీరు చెప్పారంటే ఇంక నాకు అనుమానం లేదన్నయ్యా. మిషను కిందికి దించేస్తాను, పాప మంచం కూడా. ముందు గది బట్టలిచ్చేవాళ్లకు వదిలేస్తే పని సులువవుతుంది."

"అలాగే చెయ్యమ్మా," అన్నాడు డబ్బాలాయన.

వేసవి సగం గడిచాక ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర సంగతి బయటపడింది. భార్య పాఠాలకొచ్చే పిల్లల గురించి ఏదో చెబుతోంది. వదిన కూర వడ్డిస్తూ ఉన్నట్టుండి నవ్వింది.

"ఒరేయ్, నీకు చెప్పడం మరిచాను. నీ డబ్బాను నేను వాడుకున్నానురా."

"ఏ డబ్బా?"

"అదే, దాచమని ఇచ్చావే, అది. మన ఇంటికి ఎలాగూ పెట్టవు, ఖాళీగా పడుందని కవరు కోసి నా గదిలో తగిలించుకున్నా. నువ్వడిగిన రోజు మళ్లీ కవరులో పెట్టి టేపు వేశా. పాడవలేదుగా?"

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. నీళ్లు తాగాడు. ఏ రోజు తగిలించావని అడిగాడు. ఇచ్చిన మర్నాడేనంది. చలికాలమంతా ఉందన్నమాట. పాడవలేదులే వదినా అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

లెక్క ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. సాక్షి ఫిల్ము మీది మచ్చలు పాత ఫిల్ము మచ్చలు కావు, వదిన గదివి. ఊళ్లో ఉన్న గదుల్లో అంత చెడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ గదిలో వదినను పెట్టింది తను, గాలి రాకుండా గుడ్డలు కుక్కింది తను. అది చాలదన్నట్టు ఆవిడ గది విషాన్ని తెచ్చి ఊరందరి లెక్కల్లోంచి తీసేసి, అందరిళ్లూ శుభ్రంగా ఉన్నాయని చాటింది కూడా తనే.

వెంటనే పరుగెత్తి చెప్పాడా? లేదు. మనిషి అంత తేలిగ్గా దారికి వస్తాడా? ఆ సాయంత్రం వెంటిలేటర్ గుడ్డలు బయటి నుంచే పీకేశాడు. ఎండాకాలం కదా వదినా, ఉక్కపోస్తుంది అన్నాడు. నా చిన్నోడికి నామీద ఎంత దయో అంది ఆవిడ. ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. తరువాత రోజుల్లో ఆవిడ దగ్గినప్పుడల్లా ఆయన చేతిలో పని వదిలేసి వినేవాడు. ఆ దగ్గు జలుబుదే కావచ్చు, పాతదే కావచ్చు, ఆ ఫిల్ముకూ దానికీ ఏ సంబంధమూ లేకపోవచ్చు. ఇవన్నీ ఆయనకు తెలుసు. తెలిసినా ప్రతి దగ్గూ తన పేరు పెట్టి పిలిచినట్టే ఉండేది. వచ్చే చలికాలం ఎలాగూ మళ్లీ కొలుస్తాం, అప్పుడు సరిచేసుకోవచ్చులే అని ఒక పూట అనుకునేవాడు. నీ బతుకు తగలెయ్య అని ఇంకో పూట తనను తానే తిట్టుకునేవాడు.

అలా ఊగిసలాడుతుండగా భార్య జాకెట్టు గుడ్డ ఇచ్చి రమ్మంది. దర్జీ ఆవిడ ఇంటికి వెళితే ముందు గదిలో ఎవరూ లేరు. కింద మిషను చప్పుడు వినిపిస్తే మెట్లు దిగాడు. గది చల్లగా ఉంది. బయట ఎండ మండిపోతోంటే లోపల ఆ చల్లదనం హాయిగానే ఉంది. కొండరాయి పక్కనే మంచం, దాని మీద పాప బోర్లా పడుకుని నిద్రపోతోంది. మెడ దగ్గర చెమట కూడా లేదు. వేడి రాకుండా పైన ఉన్న చిన్న కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టారు.

"చూశారా అన్నయ్యా, పొద్దస్తమానం ఇక్కడే. మీ పుణ్యమా అని చంటిది హాయిగా పడుకుంటోంది," అంది దర్జీ ఆవిడ.

ఆయన గుడ్డ అక్కడ పెట్టి, ఏదో గొణిగి, మెట్లెక్కి బయటపడ్డాడు. ఇంటికి పోలేదు. తిన్నగా కొండెక్కి ప్రయోగశాలకు వెళ్లి పెద్దమేడమ్ బల్ల ముందు నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాడు. బీరువా అబద్ధం కూడా దాచలేదు.

పెద్దమేడమ్ అరిచే మనిషి కాదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"సున్నాకన్నా తక్కువ వచ్చినప్పుడైనా నన్ను పిలవాలనిపించలేదా?"

"అనిపించింది మేడమ్."

"మరి?"

ఆయన లెక్కల పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ పేజీలు తిరగేసి అంది.

"ఈ యేటి ఫిల్ములొచ్చిన పెట్టెలోనే వాడనిది ఒకటి మిగిలి ఉంది. దాన్ని కడిగి లెక్కపెట్టండి, సాక్షి అదే. ఇళ్లన్నీ మళ్లీ లెక్కకట్టి, మీరే వెళ్లి నోటితో చెప్పండి. చీటీ విసిరి రావడం కాదు. ఇది ఇవాళ పీలిస్తే రేపు చంపేసే విషం కాదు, ఏళ్ల మీద చేటు చేసేది. భయపెట్టకండి, అలాగని తేలిక చెయ్యకండి. మీ ఉద్యోగం సంగతి తరువాత చూద్దాం. సరే, మీ వదినగారి డబ్బా కూడా ఒక ఇంటి లెక్కే అవుతుంది. అది ఎక్కడ తగిలించారు? మంచానికి ఎంత దూరం? గుమ్మం దగ్గరా, మూలనా?"

"అడగలేదు మేడమ్."

"మీ ఇంట్లో గదే కదా. మీరు చూడలేదా?"

ఆయన వాడని ఫిల్ము తీసుకోవడానికి బీరువా దగ్గరికి నడిచాడు.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు విని ఊరుకున్నారు, కొందరు తలుపు తీసిన చేత్తోనే మూశారు, గుసగుసల ముసలాయన మాత్రం కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ తిట్టాడు. దర్జీ ఆవిడ తిట్టలేదు. మాట పూర్తయ్యేదాకా విని, లోపలికెళ్లి, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని పైకి తెచ్చింది. మంచం పైకి చేర్చడానికి ఆయన ఒక పక్క పట్టుకోబోతే, "వద్దండి, నేను మోసుకుంటాను," అంది. అప్పటిదాకా అన్నయ్య అన్న నోటితో అండి అనడం ఆయన చెవుల్లో చాలాకాలం ఉండిపోయింది.

ఇంక మిగిలింది సొంత ఇల్లే. భార్యకు ముందే చెప్పాడు. ఇన్నేళ్లు ఆవిడ గోల చేస్తుందని భయపడ్డాడు కదా, ఆవిడ విని, "ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలేదు? పిల్లలకు వసారాలో చెప్పుకుంటాను, అక్క మంచం ఇవాళే పైకి తెప్పించు," అని బెంచీలు జరపడం మొదలుపెట్టింది. ఆ నెపం కూడా ఆయనకు దక్కలేదు.

వదిన గది గుమ్మం దగ్గరికి వెళ్లి, అలవాటు కొద్దీ అక్కడే నిలబడ్డాడు. ఆవిడ మంచం మీద కూర్చుని దిండు గలేబు మారుస్తోంది. ఆయన అంతా చెప్పాడు. గది సంగతి, గుడ్డల సంగతి, అడిగినప్పుడు చూద్దాంలే అని ఎందుకన్నాడో ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాడు. తప్పయింది వదినా అన్నాడు. ఆవిడ గలేబు సరిచేస్తూనే ఉంది.

"కవరు కోసి నీ ఉద్యోగం మీదికి తెచ్చానేమిట్రా?"

"నీ తప్పు కాదు వదినా. నువ్వు కొయ్యబట్టే తెలిసింది. లేకపోతే నేను ఎప్పటికీ కొలిచేవాణ్ణి కాదు."

"పోనీలే. పైకి ఎక్కమంటే ఎక్కుతాను. చెయ్యి పట్టుకోవాలి మరి."

"పట్టుకుంటాను," అన్నాడు. "మేడమ్ ఒకటి అడిగింది. డబ్బా ఎక్కడ తగిలించావు?"

ఆవిడ తలెత్తి ఎదురుగోడ వైపు చూపించింది. గుమ్మంలో నిలబడినవాడికి సూటిగా ఎదురయ్యేచోట, అన్న ఫొటో పక్కన, ఒక మేకు ఉంది.

"అక్కడే. కనిపించకుండా దాచిందేమీ లేదు. రోజూ ఆఫీసుకెళుతూ ఇక్కడ నిలబడి 'బాగున్నావా వదినా' అంటావుగా. తలెత్తి చూస్తే నా డబ్బా ఇక్కడికెలా వచ్చిందని లోపలికొస్తావు, ఒక తిట్టు తిడతావు, కాసేపు కూర్చుంటావు అనుకున్నా." గలేబు అంచు మడిచింది. "చలికాలమంతా చూశానురా. నువ్వు చూడలేదు."

ఆ మేకును ఆయన అప్పుడే మొదటిసారి చూశాడు. గుమ్మం దాటి లోపలికొచ్చి మంచం పట్టీ మీద కూర్చున్నాడు. ఆవిడే దిండు ఆయన ఒళ్లో పెట్టి, పైకి తీసుకెళ్లు, మెల్లగా వస్తాను అంది. దిండు చంకన పెట్టుకుని ఇంకో చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మెట్టు మెట్టుకీ ఆగుతూ, మోకాళ్లను తిడుతూ, మధ్యలో ఒకసారి తన మీద తనే జోకు వేసుకుని నవ్వుతూ ఆవిడ పైకి చేరింది.

మర్నాడు ప్రయోగశాలలో పెద్దమేడమ్ ఇచ్చిన కాగితంలో ఇంటి వివరాలన్నీ నింపాడు. డబ్బా ఎక్కడ తగిలించారు అన్నచోట చాలాసేపు కలం ఆగింది. తరువాత రాశాడు: 'గుమ్మానికి ఎదురుగా. తలెత్తితే కనిపించేచోట.'